జోర్డాన్, లెబ్రాన్, కరీమ్: ఎవరు మేలు? అంకెలు చూడాలా, అవార్డులు చూడాలా?

బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా గొప్ప ఎవరు అనే మాట రాగానే టైటిల్స్ (జట్టుతో గెలిచిన ఛాంపియన్‌షిప్‌లు) లెక్క ముందుకొస్తుంది. మైకేల్ జోర్డాన్‌కి 6, లెబ్రాన్ జేమ్స్‌కి 4, ఇంకేం కావాలి అంటారు. టైటిల్సే కొలత అయితే 13 సీజన్లలో 11 గెలిచిన బిల్ రసెల్ దగ్గరే వాదన అయిపోవాలి కదా, కానీ అక్కడ మాత్రం ఎవరూ ఆగరు, ఆయన సగటు 15 పాయింట్లేగా అని వెంటనే మాట మార్చేస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. ఏ కొలత పెట్టుకున్నా అందరికీ అదే పెట్టాలి.

జోర్డాన్ గురించి అడిగితే నేను ముందు చూపించేది ప్లేఆఫ్స్ సగటు, అంటే రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ రౌండ్లలో సగటు. రెగ్యులర్ సీజన్లో మ్యాచ్‌కి 30.1 పాయింట్లు, ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చరిత్రలోనే ఎక్కువ. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి ఎదురయ్యేవి గట్టి జట్లే, డిఫెన్స్ బిగుసుకుంటుంది, చాలామందికి సగటు పడిపోతుంది, ఈయనకేమో 33 దాటింది. 1987-88లో అయితే స్కోరింగ్ టైటిల్ (సీజన్లో అందరికన్నా ఎక్కువ పాయింట్ల సగటు), ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు), ఉత్తమ డిఫెండర్ అవార్డు మూడూ ఒకే సీజన్లో కొట్టాడు, అలా ఇంకెవరూ చేయలేదు.

అవార్డులు ఓట్లతో వచ్చేవని మాత్రం మర్చిపోకూడదు. 1997లో జోర్డాన్ జట్టు బుల్స్ 69 మ్యాచ్‌లు గెలిస్తే మీడియా ఓట్లు ఎంవీపీని కార్ల్ మలోన్‌కి ఇచ్చాయి, తర్వాత ఫైనల్స్‌లో అదే మలోన్ జట్టు జోర్డాన్ చేతిలో ఓడిపోయింది. జోర్డాన్‌కి 5 ఎంవీపీలే ఉన్నాయంటే ఇలాంటివి కూడా కారణమే.

లెబ్రాన్ బలం వేరు. 2023 ఫిబ్రవరిలో కరీమ్ కెరీర్ రికార్డు 38,387 పాయింట్లు దాటేశాడు, ఆ తర్వాత ఏడాది 40 వేలు కూడా దాటాడు, దానికి తోడు 10 వేలకు పైగా రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10 వేలకు పైగా అసిస్టులు (సహచరుడి స్కోరుకి దారితీసిన పాసులు). ఎక్కువ ఏళ్లు ఆడాడు కాబట్టి వచ్చాయి అని కొట్టిపారేస్తారు, అన్నేళ్లు ఆ స్థాయిలో ఆడటం గొప్పతనం కాకపోతే ఇంకేంటి? 2016 ఫైనల్స్‌లో, ఆ సీజన్లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్ మీద లెబ్రాన్ జట్టు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1తో వెనకబడి మరీ గెలిచింది, ఆ సిరీస్‌లో రెండు జట్లలో కలిపి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులు (ఎదుటివాళ్ల షాట్‌ని అడ్డుకోవడం) అన్నింట్లోనూ ముందున్నది ఆయనే.

పది ఫైనల్స్‌లో ఆరు ఓడాడనే దెప్పుడు కూడా న్యాయం కాదు. 1985, 86, 87లో జోర్డాన్ మొదటి రౌండ్లోనే ఇంటికెళ్లాడు, 1986లో బోస్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 63 పాయింట్లు కొట్టి కూడా. ఫైనల్ దాకా వెళ్లి ఓడటం మొదటి రౌండ్లో ఓడటం కన్నా తక్కువెలా అవుతుంది?

కరీమ్ అబ్దుల్-జబ్బార్‌ని మాత్రం మనవాళ్లు చాలా తక్కువ తలుస్తారు. 6 ఎంవీపీలు, ఇప్పటికీ రికార్డే. 6 టైటిల్స్. 1971లో ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు), మళ్లీ 14 ఏళ్ల తర్వాత 1985లో, 38 ఏళ్ల వయసులో! 1980లోనూ దక్కేదేమో, ఐదో మ్యాచ్‌లో చీలమండ బెణికి ఆరోదానికి దూరమయ్యాడు, ఆ రోజు సహచరుడు మ్యాజిక్ జాన్సన్ చెలరేగి అవార్డు తీసుకెళ్లాడు. అవార్డుల జాబితా ఒక్కటే చూస్తే కరీమ్‌ని మొదటి స్థానంలో పెట్టినా నేను తప్పుపట్టను.

అన్నీ కలిపి చూస్తే నా వరుస జోర్డాన్, లెబ్రాన్, కరీమ్. ఒత్తిడి పెరిగిన కొద్దీ పెరిగిన ఆట జోర్డాన్‌ది, అందుకే మొదట ఆయన.

నాలుగో చోట రసెల్‌ని పెడతాను. బ్లాకులు, స్టీల్స్ లెక్కించడం 1973-74లో మొదలైంది, అప్పటికే ఆయన రిటైరయ్యాడు. ఫైనల్స్ ఎంవీపీ కూడా ఆయన చివరి సీజన్ 1969లోనే మొదలైంది. అంటే ఆయన దేంట్లో గొప్పో, ఆ డిఫెన్స్‌ని కొలిచే అంకెలే లేవు. మరి రసెల్ కాలంలోనే ఆడిన విల్ట్ చాంబర్లేన్ సంగతేంటి అంటారు. 1961-62లో విల్ట్ సగటు 50.4 పాయింట్లు, ఒక మ్యాచ్‌లో ఏకంగా 100. అప్పట్లో ఎంవీపీకి ఓట్లేసేది ఆటగాళ్లే, ఇద్దరినీ కోర్టులో ఎదుర్కొన్నవాళ్లు. ఆ సీజన్ వాళ్లు ఎంవీపీ ఇచ్చింది రసెల్‌కి.