చేత్తో వేసే కారు వ్యాక్స్: విశాఖ ఉప్పు గాలిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

మేముండేది విశాఖలో, పోర్టుకి దగ్గర. పొద్దున లేచేసరికి కారు మీద సన్నటి నల్ల దుమ్ము, దాన్ని పట్టి ఉంచే ఉప్పు గాలి జిగట. పైగా కారు ముదురు నీలం బాలెనో. ఈ రంగు మీద వెంట్రుకంత గీత పడినా ఎండలో కనిపించేస్తుంది. అందుకే వ్యాక్స్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. డబ్బాలో వచ్చే పేస్టు వ్యాక్స్, సీసాలో వచ్చే లిక్విడ్ వ్యాక్స్ రెండూ బాగా వాడాను. చివరికి కాలినైట్ కంపెనీ 845 దగ్గర ఆగిపోయాను. ఇది లిక్విడ్ వ్యాక్స్.

పేస్టు వ్యాక్స్‌ని తీసిపారేయడం లేదు. మంచి కార్నౌబా వేస్తే ముదురు రంగుకి వచ్చే నిగారింపు ఇంకే దానితోనూ రాదు. కార్నౌబా అంటే బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం. 82 నుంచి 86 డిగ్రీల వేడి తగిలితే గానీ కరగదు. అంత గట్టి పదార్థాన్ని చేత్తో పూయలేం కాబట్టి నూనెలు, సాల్వెంట్లు కలిపి మెత్తగా చేస్తారు. కాబట్టి డబ్బా మీద ‘100 శాతం కార్నౌబా’ అని పెద్దక్షరాలతో ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. ‘క్లీనర్ వ్యాక్స్’ అని ఉన్న వాటిలో సన్నటి గరుకు పొడి కలుస్తుంది. రంగు వెలిసిన పాత కారుకి అది పనికొస్తుంది, కొత్త కారుకి అక్కర్లేదు.

నిలబడటంలో మాత్రం 845దే పైచేయి. ఏప్రిల్, మే ఎండలకి నేను వాడిన పేస్టులు నెల తిరిగేసరికి పలచబడిపోయేవి. 845 తొలకరికి ముందు వేస్తే దీపావళి దాకా బానెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారుతూనే ఉంటాయి. ఒక కారుకి రెండు మూడు చెంచాలు చాలు కాబట్టి సీసా ఎంతకీ తరగదు. చలికి చిక్కబడితే సీసాని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి బాగా కుదపాలి.

ఏ వ్యాక్స్ కొన్నా అసలు పని వేసే ముందే ఉంది. షాంపూతో కడిగి ఆరాక, చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే ఇసుక అంటినట్టు గరగరలాడుతుంది. ఆ గరుకు మీద వ్యాక్స్ వేస్తే మురికిని లోపల పెట్టి మూత వేసినట్టే. క్లే బార్‌ని, అంటే మురికిని అంటించుకుని లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్దని, జారుడు కోసం లూబ్రికెంట్ చల్లుతూ, నొక్కకుండా తిప్పితే అదంతా వచ్చేస్తుంది. ఆ ముద్ద కింద పడితే మళ్లీ వాడొద్దు, అంటిన ఇసుక గీతలు పెడుతుంది.

వ్యాక్స్ నీడలోనే వేయాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. ఫోమ్ ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత పోసి, ఒక్కో డోరుకి పలచగా రాయండి. పక్కనుంచి చూస్తే లేత మంచు పట్టినట్టు ఉంటే చాలు. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడిచేటప్పుడు భుజాలు మాత్రం లాగేస్తాయి. కాసేపాగి వేలితో ఒక గీత గీయండి. వేలి కింద శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, అలుక్కుపోతే ఇంకా ఆరాలి. మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఒక వైపు నిండగానే ఇంకో వైపు తిప్పుతూ తుడవండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి ముందే టేపు అంటించడం మంచిది. అక్కడ అంటిన తెల్ల మరక ఓ పట్టాన పోదు.

ఇంత చేశాక అపార్ట్‌మెంట్లో పొద్దున్నే తుడిచే అబ్బాయి ఒకే తడిగుడ్డతో పది కార్లూ తుడిస్తే మన కష్టమంతా వృథా. ఆ గుడ్డలోని ఇసుకే గుండ్రటి గీతలు పెడుతుంది, వాటిని మామూలు వ్యాక్స్ చెరపలేదు. నా కారుకి గుడ్డ తగిలించొద్దని, నీళ్లు పోస్తే చాలని చెప్పాను. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగడం కూడా మానండి, వ్యాక్స్ ఊడొచ్చేస్తుంది. పక్షి రెట్ట కనిపిస్తే ఆరోజే తడిపి తీసేయాలి. వ్యాక్స్ ఉంటే కాస్త గడువు దొరుకుతుంది, అంతే.

పెయింట్ మీద గట్టి పొరలా పట్టే సిరామిక్ కోటింగ్‌కి వేల రూపాయలు పోయగలిగితే అది ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది, కాదనను. సెలవురోజు పూట ఒక మధ్యాహ్నం కేటాయించగలిగిన వాళ్లకి మాత్రం నేను 845నే చెబుతాను. డెంట్ తీయించి కొత్తగా పెయింట్ వేయించిన భాగం ఉంటే తొందరపడకండి. పెయింట్ పూర్తిగా ఆరడానికి ఎన్ని వారాలు పడుతుందో పెయింటర్‌నే అడిగి, ఆ గడువు దాటాకే దాని మీద వ్యాక్స్ వేయండి.