పొగతోట ఫిజియోథెరపీ సెంటర్: వైద్యానికి మంచి మార్కులు, మెట్లకు సున్నా

నెల్లూరు పొగతోటలో ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ సెంటర్ గురించి రాస్తున్నాను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

నేను బుచ్చిరెడ్డిపాలెంలో దర్జీని. మిషను తొక్కే కాళ్లే నాకు ఆధారం. గిలాన్ బారే సిండ్రోమ్, పత్రికల్లో జీబీఎస్ అని వచ్చే జబ్బు, ముందు వాటినే పట్టుకుంది. విరేచనాలు తగ్గిన రెండో వారంలో అరికాళ్లలో మొదలైన తిమ్మిరి నడుము దాకా పాకింది. చుట్టాలు పక్షవాతమని తేల్చేసి, నాటు మర్దన చేసే ఊరి పేరు కూడా చెప్పారు. ఆసుపత్రిలో ఐదు రోజులు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీల మందు) ఎక్కించాక నడక కోసం ఇక్కడికి వచ్చాను.

ఇక్కడి మేడమ్ నా కాలు ముట్టుకునే ముందు జబ్బేమిటో చెప్పారు. అంతవరకు ఎవరూ చెప్పలేదు. సరిగా ఉడకని కోడిమాంసంతోనో, పాడైన నీళ్లతోనో కడుపులో చేరే కాంపిలోబాక్టర్ జెజునై అనే బాక్టీరియా పైపొరలో చక్కెర, కొవ్వు కలిసిన పదార్థం ఒకటి ఉంటుంది. మన నరాల మీద ఉండే జీఎం1 అనే పదార్థం దానికి అచ్చం పోలిక. బాక్టీరియాను ఎదిరించడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఆ పోలికకు మోసపోయి నరాల మీద పడతాయి. ఈ విరేచనాలు పట్టిన వెయ్యి మందిలో సుమారు ఒకరికే ఇలా అవుతుందట. ఆ ఒక్కడిని నేనే కావాలా! గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ వల్ల కొందరు పిల్లల్లో ఇలాంటి దాడే మెదడు మీద జరిగి, కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడతాయని కూడా చెప్పారు.

2025 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా మహిళ ఒకరు జీబీఎస్‌తో గుంటూరు ఆసుపత్రిలో చనిపోయిన వార్త చదివినప్పటి నుంచి నా భార్యకు భయం. నా కంచం విడిగా పెట్టాలా అని ఆమె అడిగితే, ఇది అంటుకునే జబ్బు కాదని మేడమ్ ఓపికగా నచ్చజెప్పారు.

వ్యాయామంలోనూ తొందరపెట్టరు. రెండు కడ్డీల మధ్య నాలుగడుగులు వేసి ఇంకో రెండు వేస్తానంటే, "ఈ పూటకు చాలు, కూర్చోండి" అంటారు. ఈ జబ్బులో కండరాన్ని అలసిపోయేదాకా వాడితే మర్నాడు ఉన్న బలం కూడా జారిపోతుంది. దెబ్బతిన్న నరం పెరిగేది రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. నా టేపు వెనకవైపు ఆ గీతలు చూశాక తొందర తగ్గించుకున్నాను. తరువాత పాత మిషను పెడల్ ఒకటి తెప్పించి దాని మీదే పాదం ఆడించే వ్యాయామం పెట్టారు. అది మాత్రం నాకు ఎంతో నచ్చింది.

ఇక ఫిర్యాదులు. కాళ్లు పడిపోయినవాళ్లకు మొదటి అంతస్తు ఏమిటి? లిఫ్టు లేదు, మెట్లకు ఒకవైపే పట్టుకునే కమ్మీ. ఎత్తుకెళ్లే కుర్రాడు టీకి వెళ్తే కిందే కూర్చోవాలి. వాళ్లే అమ్మిన, పాదం వాలకుండా తొడిగే ప్లాస్టిక్ అచ్చు పట్టీ కుట్టు నెలలోపే ఊడింది. ఒంటి కుట్టు వేసి వదిలేశారు. నేనే ఇంట్లో రెండు వరసలు వేసుకున్నాను.

సిట్టింగుకు 400 రూపాయలు, నెలకు కలిపి కడితే కొంత తగ్గిస్తారు. సాయంత్రం మోకాళ్ల నొప్పులవాళ్లతో కిటకిటలాడుతుంది, మేడమ్ బదులు శిక్షణలో ఉన్న పిల్లలు చూస్తారు. నరాల జబ్బు అయితే పొద్దున పది లోపు వెళ్లండి, మెట్లెక్కించడానికి ఇంటి మనిషిని తోడు తీసుకెళ్లండి.