పొల్యూషన్‌కీ వానకీ లింకు చూడాలంటే: నాసా జియోవానీ రివ్యూ

పొగ వల్లే వానలు తగ్గాయని ఒకరు, పొగ వల్లే కుండపోతలని ఇంకొకరు వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు కదా, వాళ్ళందరికీ ఈ సైట్ పంపాలి. శాటిలైట్ డేటాని మ్యాపులుగా, గ్రాఫులుగా చూపించే నాసా సైట్ ఈ జియోవానీ, ఫుల్ ఫ్రీ, నాసా వాళ్ళ ఎర్త్‌డేటా అకౌంట్ ఒకటి పెట్టుకుంటే చాలు, కోడింగ్ అక్కర్లేదు, మ్యాప్ మీద బాక్స్ గీసి డేట్లు ఇచ్చి ప్లాట్ నొక్కితే బ్రౌజర్‌లోనే బొమ్మ వచ్చేస్తుంది.

పొగకి మోడిస్ (శాటిలైట్ మీదుండే నాసా పరికరం) ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ తీసుకోండి, గాల్లో దుమ్మూ ధూళీ వెలుతురుని ఎంత అడ్డుకుంటున్నాయో చెప్పే నంబర్ అది, టెర్రా శాటిలైట్‌ది 2000 నుంచీ ఉంది. వానకి ఐమెర్గ్, అంటే శాటిలైట్లతో లెక్కగట్టిన నాసా వాన డేటా, 0.1 డిగ్రీ గ్రిడ్డు, అరగంటకోసారి. నవంబర్ పెట్టి చూడండి, పంజాబ్ నుంచి బీహార్ దాకా గంగా మైదానం మీద పొగ పట్టీ కట్టేసి కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం మేఘంలో చుక్కల సైజు కూడా దొరకడం. అసలు కథంతా అక్కడే ఉంది. పొగ రేణువులు ఎక్కువైతే ఉన్న నీళ్ళనే బోలెడు చుక్కలు పంచుకోవాలి, పంక్తిలో జనం పెరిగితే తలా పిడికెడే వచ్చినట్టు, దాంతో ఏదీ వానచుక్కంత పెరగదు. ఇజ్రాయెల్ సైంటిస్ట్ డానియల్ రోసెన్‌ఫెల్డ్ 2000లో ఆస్ట్రేలియాలో ఫ్యాక్టరీల పొగ కలిసిన మేఘాల మీద వానల్ని కొలిచే ట్రిమ్ శాటిలైట్ డేటాతో చూపించింది ఇదే. అదే మేఘం బాగా ఎత్తుకి పెరిగేదైతే మాత్రం ఆగిన నీళ్ళు పైకెళ్ళి గడ్డకట్టి లేటుగా గట్టిగా కురవొచ్చు కూడా, అందుకే పైన చెప్పిన ఇద్దరూ కొంత కరెక్టే.

రెండు నంబర్లు కలిసి పెరుగుతున్నాయా, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతోందా (మైనస్) అని చూపించే కోరిలేషన్ మ్యాప్ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త బాబూ. వాన పడితే పొగ కడిగేసుకుపోతుంది, కాబట్టి మైనస్ కనిపించగానే పొగే వానని ఆపిందని రాసేయకండి. పైగా మేఘం కమ్మిన చోట మోడిస్‌కి పొగ కనపడదు, అంటే మనకి కావాల్సిన రోజునే డేటా ఖాళీ. మేఘాల పక్కన తేమకి రేణువులు ఉబ్బి నంబర్ పెరుగుతుంది, అదో తలనొప్పి. ఇందులో మోడిస్ పొగ గ్రిడ్డు 1 డిగ్రీ, అంటే గడి సుమారు 110 కిలోమీటర్లు, హైదరాబాద్ మొత్తం కలిపినా ఒక గడి నిండదు, మా కాలనీ సంగతి చూద్దాం అనుకుంటే కుదరదు.

5కి 4 ఇస్తా. డిగ్రీ ప్రాజెక్టు పిల్లలు మంత్లీ డేటాతో మొదలుపెట్టి టైమ్ సిరీస్‌ని సీఎస్‌వీలో దించుకోండి, గాలీ తేమా లెక్క కూడా తోడుగా చూసుకోండి, లేకపోతే వైవాలో దొరికిపోతారు.