పిల్లికి నట్టల మందు: మాత్ర మేలా, మెడ మీద చుక్కలు మేలా?

ఆ రోజు పొద్దున మా పిల్లి లేచి వెళ్లాక దుప్పటి మీద రెండు బియ్యపు గింజలు కనిపించాయి. మంచం మీద బియ్యం ఏమిటా అని వంగి చూస్తే, అందులో ఒకటి మెల్లగా సాగి మళ్లీ ముడుచుకుంది. రెండోది అప్పటికే ఎండిపోయి నువ్వుగింజలా అయింది. నాకు ఒళ్లు జలదరించింది. పిల్లి మాత్రం కిటికీలో కూర్చుని తీరిగ్గా కాలు నాక్కుంటోంది.

అంతకు పది రోజుల ముందే దానికి నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పోవడానికి వేసే మందు, పట్టించాను. కూనలకు ఇచ్చే తియ్యటి సిరప్ అది. అందులో ఉన్నది పైరాంటెల్ ఒక్కటే. ఏలికపాములకు, కొంకిపురుగులకు అది బాగా పనిచేస్తుంది. నా దుప్పటి మీద కదిలింది మాత్రం బద్దెపురుగు ముక్క. దాన్ని పైరాంటెల్ ఏమీ చేయలేదు. మందు మంచిదే, మోతాదూ సరిపోయింది, పురుగే వేరు. మాత్ర మేలా చుక్కలు మేలా అని ఎవరైనా అడిగితే, ముందు ‘ఏం కనిపించింది?’ అని నేను ఎదురు ప్రశ్న వేసేది అందుకే.

కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఏలికపాము ఉడికిన సేమ్యా పోగులా ఉంటుంది. తెల్లగా, గుండ్రంగా, 3 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మలంలోనే కాదు, వాంతిలో కూడా చుట్ట చుట్టుకుని బయటపడుతుంది. కూనలకు ఇది తల్లి పాలతోనే వస్తుంది. అందుకే ఎంత శుభ్రమైన ఇంట్లో పుట్టిన కూనకైనా ఏలికపాములు ఉన్నాయనే అనుకుని మందు వేస్తారు. వెన్నెముక చేతికి తగులుతూ, పొట్ట మాత్రం బుడగలా ఉబ్బిన కూనను చూస్తే పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. పెద్ద పిల్లులకు మట్టిలోని గుడ్ల వల్ల, లేదా వేటాడి తిన్న ఎలుకలు, పిట్టల వల్ల అంటుతుంది. బొద్దింకతో కూడా రావచ్చు. ‘మా పిల్లి గడప దాటదు’ అనే మాటకు బొద్దింక కట్టుబడి ఉండదు కదా.

రెండోది బద్దెపురుగు. మనకు కనిపించేది పూర్తి పురుగు కాదు, దాని తోక వైపు నుంచి ఊడివచ్చే ముక్కలు. తోక కింద వెంట్రుకలకు అతుక్కుని, పిల్లి పడుకున్న చోట రాలి, బియ్యపు గింజల్లానో దోసగింజల్లానో కనిపిస్తాయి. ఇందులోనూ మామూలుగా చూసేవి రెండు. ఒకటి ఫ్లీల వల్ల, అంటే పిల్లి వెంట్రుకల్లో దాక్కుని రక్తం పీల్చే చిన్న గెంతుడు పురుగుల వల్ల వచ్చేది, ఇంకొకటి ఎలుకల వల్ల వచ్చేది. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

మలంలో మామూలుగా కంటపడని మూడోది కొంకిపురుగు. సెంటీమీటరు పొడవు, దారం కన్నా సన్నం. పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. చిగుళ్లు పాలిపోవడం, మలం నల్లగా తారులా రావడం దీని గుర్తులు. కూనలో ఈ రెండూ కనిపిస్తే మాత్రా చుక్కలా అని చర్చ పెట్టుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. రక్తం తగ్గిన కూనకు ఎక్కువ సమయం ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. పిల్లి పిర్రలు నేలకు రాస్తే పురుగులే అని అందరూ అనేస్తారు. చాలాసార్లు అది మలద్వారం పక్కనున్న గ్రంథుల్లో ఇబ్బంది. ఇంట్లో పిల్లలకు నులిపురుగులు వస్తే పిల్లి మీదికి నెట్టడం కూడా అన్యాయమే. అవి మనుషుల నుంచి మనుషులకే వస్తాయి.

మందు కన్నా ముందు మలం పరీక్ష చేయించడం మేలా, లేక క్యాలెండర్ పెట్టుకుని వేస్తూ పోవడం మేలా అన్నది ఇంకో ప్రశ్న. పరీక్ష చేయిస్తే అనవసరంగా మందు వేయక్కర్లేదు, నిజమే. కానీ రిపోర్టులో ఏమీ లేదని వస్తే పురుగులు లేవని అర్థం కాదు. ఏలికపాము పిల్లి కడుపులో పడి గుడ్లు పెట్టే దశకు రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆలోగా పరీక్షలో గుడ్లు కనిపించవు. ఫ్లీల వల్ల వచ్చే బద్దెపురుగు గుడ్లు ఆ గింజల్లోనే మూటకట్టి ఉంటాయి కాబట్టి మైక్రోస్కోపు కింద తరచూ తప్పిపోతాయి. దుప్పటి మీద గింజ కదులుతుంటే, ఏమీ లేదన్న రిపోర్టును నేనైతే నమ్మను. ఆ గింజనే చిన్న డబ్బాలో వేసుకుని డాక్టర్‌కు చూపిస్తాను.

అందుకే కూనలకు క్యాలెండరే మేలు. యూరప్‌లో పెంపుడు జంతువుల పరాన్నజీవుల మీద సలహాలిచ్చే ఈఎస్‌సీసీఏపీ అనే నిపుణుల సంస్థ చెప్పే పద్ధతి ఇది: 3 వారాల వయసులో మొదలుపెట్టి, పాలు మానిన రెండు వారాల దాకా 15 రోజులకోసారి, ఆపైన 6 నెలల వయసు వచ్చేదాకా నెలకోసారి. పాలిచ్చే తల్లికి కూడా కూనలతోపాటే మొదటిసారి వేయాలి. ఇన్నిసార్లు ఎందుకంటే మందు ఆ రోజు పేగులో ఉన్నవాటినే తీసేస్తుంది. ఒంట్లో ఇంకెక్కడో ఉన్న లార్వాలు (పిల్ల పురుగులు) తర్వాత పేగులోకి దిగుతాయి, పాలతో కొత్తవీ వస్తుంటాయి. బయట తిరిగి వేటాడే పెద్ద పిల్లికి ఏడాదికి కనీసం నాలుగుసార్లు. ఇల్లు దాటని పిల్లికి ఒకటి రెండుసార్లు మలం పరీక్ష చేయించి, అవసరమైతేనే మందు వేసినా సరిపోతుంది. నీళ్ల విరేచనాలు తగ్గకుండా ఉంటే మాత్రం ఏ వయసులోనైనా పరీక్ష చేయించాలి. జియార్డియా, కాక్సీడియా లాంటి పేగులోని సూక్ష్మజీవులు మామూలు నట్టల మందుకు లొంగవు.

ఇక అసలు పోటీ. మాత్రకున్న బలం ఏమిటంటే ఏం వేస్తున్నామో స్పష్టంగా తెలుస్తుంది. పిల్లుల మాత్రల్లో చాలావాటిలో పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ రెండూ కలిపి ఉంటాయి. మొదటిది ఏలికపాములకు, కొంకిపురుగులకు. రెండోది బద్దెపురుగులకు. ఒక్క మాత్రతో పేగులోని మూడు రకాలూ అయిపోతాయి. పైరాంటెల్ పురుగును చచ్చుబడేలా చేస్తుంది కాబట్టి ఏలికపాములు మలంలో పడతాయి, కొన్ని ఇంకా కదులుతూనే ఉంటాయి. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ప్రాజిక్వాంటెల్ దెబ్బకు బద్దెపురుగు పేగులోనే అరిగిపోతుంది, బయటికి ఏమీ రాదు. అలా రాలేదని మందు పనిచేయలేదనుకుని ఇంకో మాత్ర వేసేవాళ్లున్నారు.

మాత్రకున్న బలహీనత పిల్లి నోరే. ప్రాజిక్వాంటెల్ పచ్చి చేదు. మొదటిసారి నేను మాత్రను నలిపి తిండిలో కలిపాను. వాసన చూసి గిన్నె వదిలేసి వెళ్లిపోయింది. రెండోసారి నోట్లో పెడితే పంటి కింద నలిగినట్టుంది, నోటి నిండా నురుగు కక్కింది. విషం ఎక్కిందేమో అని ఒకటే టెన్షన్. అది చేదుకు ఊరిన లాలాజలమే, కాసేపటికి తగ్గిపోయింది. మూడోసారి మింగేసిందని సంబరపడ్డాను. రెండు రోజుల తర్వాత సోఫా వెనక ఊడుస్తుంటే మాత్ర దొరికింది, చెక్కు చెదరకుండా.

చివరికి కుదిరిన పద్ధతి: మాత్రను ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి, తల కొంచెం పైకెత్తి, నాలుక మీద బాగా వెనక్కి వేసి, నోరు మూసి గొంతు నిమరడం. వెంటనే సూది లేని సిరంజీతో బుగ్గ పక్క నుంచి కాసిని నీళ్లు పట్టాలి. ఆ నీళ్లు ముఖ్యం, లేకపోతే పొడి మాత్ర గొంతు గొట్టంలో ఇరుక్కుని అక్కడ పుండు చేయవచ్చు. పిల్లి ముక్కు నాక్కుందంటే మింగినట్టే. అయినా పది నిమిషాలు దాని మీద ఓ కన్నేసి ఉంచుతాను.

చుక్కల మందులో ఈ యుద్ధం లేదు. వెనక నుంచి వచ్చి, తల మెడ కలిసే చోట వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీద పిండితే పని అయిపోతుంది. కానీ ‘మెడ మీద వేసేశాం కదా’ అన్న ధీమా దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ట్యూబులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపలి మందు వేరు. ఫిప్రోనిల్ మాత్రమే ఉంటే అది ఫ్లీల్లాంటి ఒంటి మీది పురుగులకే, కడుపులో పురుగులతో దానికి సంబంధం లేదు. సెలామెక్టిన్ ఫ్లీలు, చెవి పురుగులు, ఏలికపాములు, కొంకిపురుగులు అన్నిటికీ పనిచేస్తుంది, బద్దెపురుగును మాత్రం ముట్టుకోదు. మాక్సిడెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిపినదీ అంతే. ఎమోడెప్సైడ్, ప్రాజిక్వాంటెల్ కలిపినది మూడు రకాల పురుగులనూ తీస్తుంది, ఫ్లీలను వదిలేస్తుంది. 8 వారాల లోపు వయసున్న, అర కిలో లోపు బరువున్న కూనలకు అది వేయకూడదు. బద్దెపురుగు, ఫ్లీలు రెండింటికీ కలిపి పనిచేసే మిశ్రమాలూ ఉన్నాయి కానీ పేరు చూసి కాదు, లేబుల్ మీద ప్రాజిక్వాంటెల్ అన్న మాట ఉందో లేదో చూసి తీసుకోవాలి. దుప్పటి మీద గింజలు చూసినవాళ్లు వెతకాల్సింది ఆ ఒక్క మాటే.

చుక్కల విషయంలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. కుక్కల కోసం చేసిన ట్యూబును పిల్లికి సగం వేయడం. కుక్కల చుక్కల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి శరీరం దాన్ని విరగ్గొట్టలేదు. ఒళ్లంతా వణికి, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. సగం వేసినా పావు వేసినా ప్రమాదమే. కుక్కకు వేసిన రోజు పిల్లి దాన్ని ఆనుకుని పడుకున్నా చాలు. రెండూ ఉన్న ఇంట్లో కుక్కకు కూడా పెర్మెత్రిన్ లేని మందు తెచ్చుకోవడం నయం.

సిరప్ సంగతి తొందరగా చెప్పేస్తాను. చిన్న కూనలకు అదే సరైనది. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి కూనను ఎప్పటికప్పుడు తూచాలి. రెండు వారాల కిందటి బరువు ఇవాళ పనికిరాదు. పెద్ద పిల్లికి వస్తే పైరాంటెల్ సిరప్ సగం పనే చేస్తుందని నా దుప్పటే సాక్ష్యం.

మనుషుల ఆల్బెండజోల్ మాత్ర ముక్క చేసి పెట్టడం, వెల్లుల్లి పెట్టడం, గుమ్మడి గింజల పొడి కలపడం కూడా వింటూనే ఉంటాం. ఆల్బెండజోల్ పిల్లుల్లో ఎముక మూలుగను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. కొంకిపురుగుతో అసలే రక్తం తగ్గిన పిల్లికి అది పెట్టడం ఎలాంటిదో వేరే చెప్పాలా? గుమ్మడి గింజలు హాని చేయకపోవచ్చు. కానీ వాటిని నమ్ముకుని గడిపిన రోజులన్నీ పురుగులకే లాభం.

ఇంతకీ నా దుప్పటి కథలో దోషి సిరప్ ఒక్కటే కాదు. ఫ్లీ లార్వా బద్దెపురుగు గుడ్లను తింటుంది. పెద్దయిన ఆ ఫ్లీని పిల్లి ఒళ్లు నాక్కుంటూ మింగేస్తుంది. అలా మింగిన రెండు మూడు వారాలకే మళ్లీ గింజలు రాలడం మొదలు. కాబట్టి ఫ్లీలను వదిలేసి ప్రాజిక్వాంటెల్ ఒక్కటే వేస్తే మనకు దొరికేది ఆ మూడు వారాల ఊరట. ఒంటి మీద ఫ్లీ కనిపించకపోయినా తడి తెల్ల కాగితం పరిచి దాని మీద పిల్లిని దువ్వితే సంగతి తెలుస్తుంది. రాలిన నల్ల నలుసుల చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ మలం, అంటే పిల్లి రక్తమే. అందుకని మాత్ర వేసిన రోజే ఫ్లీల చుక్కలూ మొదలుపెట్టాను, నెలకోసారి చొప్పున. దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికాను, సోఫా సందులు కూడా వ్యాక్యూమ్ చేశాను. ఎలుకల వల్ల వచ్చే బద్దెపురుగు అయితే ఈ శ్రమ పనిచేయదు. వేట మానిపించలేం కాబట్టి ప్రాజిక్వాంటెల్‌నే తరచూ వేయాల్సి వస్తుంది.

ఏ పురుగైనా సరే, పిల్లి మలం పోసే లిట్టర్ ట్రేను మాత్రం రోజూ శుభ్రం చేయాలి. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడిన రోజే అంటుకోదు. అంటుకునే దశకు రావడానికి రెండు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. చిన్నపిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటే లార్వాలు ఒంట్లో తిరిగి కాలేయానికో, అరుదుగా కంటికో చేరతాయి. రోజూ ట్రే తీసి చేతులు కడుక్కునే ఇంట్లో పిల్లిని చూసి భయపడాల్సిన అవసరం లేదు.

మరి మాత్రా, చుక్కలా? మింగే పిల్లి అయితే నా ఓటు మాత్రకే. మూడు రకాలూ పోతాయి, ఫ్లీలకు విడిగా చుక్కలు వేసుకోవచ్చు. నోరు తెరిస్తే రక్తం చూసే పిల్లి అయితే ప్రాజిక్వాంటెల్ ఉన్న చుక్కలు. సగం ఉమ్మేసిన మాత్ర కన్నా ఒంట్లోకి పూర్తిగా ఇంకిన చుక్క మేలు. మా ఇంట్లో ఇప్పుడు రెండు పిల్లులు. పెద్దది క్యాప్సూల్ మింగుతుంది. తర్వాత వచ్చిన చిన్నది రెండు మాత్రలకు నా రెండు చేతులూ గీరి పెట్టింది, అప్పటి నుంచి దానికి చుక్కలే. చుక్కలు వేసిన రాత్రి ఒకదాని మెడ ఇంకొకటి నాకకుండా వేర్వేరు గదుల్లో పెడతాను. తెల్లవారేదాకా తలుపుకు అటూ ఇటూ కూర్చుని రెండూ గీకుతూనే ఉంటాయి.