యూఎస్‌డీటీ అమ్మితే డబ్బు ఏ దారిన రావాలి?

మాది భీమవరం పక్క ఊరు. రొయ్యల మేత కొట్టుకు కట్టాల్సిన డబ్బున్న ఖాతా పోయినేడు పదకొండు రోజులు కదల్లేదు. నేను చేసిందల్లా పీటూపీలో, అంటే క్రిప్టో ఎక్స్ఛేంజీలో నేరుగా ఇంకో మనిషికి, కాస్త యూఎస్‌డీటీ (డాలరు విలువను అనుసరించే క్రిప్టో కాయిన్) అమ్మడం. కొన్నవాడు యూపీఐలో వేశాడు, నేను కాయిన్‌ను అతనికి వదిలే రిలీజ్ బటన్ నొక్కాను. తీరా చూస్తే అది వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు. ఆ బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, బ్యాంకు నా ఖాతాకు లీన్ పెట్టింది, అంటే డబ్బు తీయకుండా ఆపేసింది. మేత కొట్టాయనకు ఈ సంగతి చెప్పి గడువు అడగడం ఎంత టెన్షనో!

యూపీఐ డబ్బు ఖాతాలో పడ్డాక పంపినవాడు బటన్ నొక్కి వెనక్కి లాక్కోలేడు. ప్రమాదమంతా అది ఎవరి డబ్బన్న దగ్గరే ఉంది. డబ్బు వచ్చేదాకా కాయిన్‌ను మధ్యలో పట్టి ఉంచే ఎక్స్ఛేంజీ ఎస్క్రోకి అది తెలియదు. డబ్బు రాకుండా కాయిన్ పోకుండా మాత్రమే అది కాపాడుతుంది. రిలీజ్ చేశాక బ్లాక్‌చెయిన్ మీద వెళ్లిన కాయిన్ తిరిగిరాదు.

కాబట్టి యూపీఐకీ, ఖాతా నుంచి ఖాతాకు వెంటనే పంపే ఐఎంపీఎస్‌కీ నా దృష్టిలో పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ పంపినవాడి పేరు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసుకోవచ్చు. ఆ పేరు ఎక్స్ఛేంజీ కేవైసీ పేరుతో అక్షరాలా కలవాలి. "మా బావ ఖాతా నుంచి వేశానండీ, అర్జెంటు" అన్నాడా, రిలీజ్ ఆపి ఎక్స్ఛేంజీకి అప్పీల్ పెట్టాలి. పొరపాటున వేశానంటూ ఇంకో ఖాతాకు తిరిగి పంపమంటే అసలే పంపకూడదు. స్క్రీన్‌షాట్, ఎస్సెమ్మెస్ ఎవరైనా తయారుచేయగలరు. బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే మిగతా సంగతి.

డిపాజిట్ మిషన్‌లో వేస్తాననేవాళ్లను నేను దూరం పెడతాను. ఎవరు వేశారో స్టేట్‌మెంట్‌లో తేలదు. చేతికి నగదు ఇంకా అధ్వానం: దొంగనోట్ల భయం, పైగా ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు.

పీటూపీ వదిలేసి, ఎఫ్‌ఐయూలో (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం) నమోదైన ఎక్స్ఛేంజీ ఆర్డర్ బుక్‌లో, అంటే అమ్మేవాళ్ల, కొనేవాళ్ల ఆర్డర్లను ఎక్స్ఛేంజీయే జతచేసే చోట, అమ్మడం మరో దారి. రూపాయలు ఎక్స్ఛేంజీ నుంచే వస్తాయి, ముక్కూముఖం తెలియనివాడి ఖాతా నుంచి కాదు. రేటు కాస్త తగ్గొచ్చు. పన్ను ఎటూ తప్పదు: లాభంపై 30 శాతం, దానిమీద సెస్సు, పరిమితి దాటితే అమ్మకం విలువపై 1 శాతం టీడీఎస్. పీటూపీలో మార్కెట్ రేటు మీద రెండు రూపాయలు ఎక్కువిస్తానని ఎవడైనా అంటే, ఆ రెండు రూపాయలు ఎందుకిస్తున్నాడో నాకిప్పుడు అర్థమవుతోంది.

నా ఓటు ఆర్డర్ బుక్‌కే. తప్పనిసరై పీటూపీలో అమ్మితే, పేరు కలిసిన పాత కొనుగోలుదారుకే, అదీ విడి ఖాతాలోకి. మేత కొట్టుకు కట్టే ఖాతా నంబరు ఏ ఎక్స్ఛేంజీలోనూ ఇవ్వడం లేదు.