పర్లాకిమిడా, ఆంధ్రా నర్సింగ్ హోమా, బరంపురమా: పురుటికి ఏది మేలు?

కూతురు పురుటికి పుట్టింటికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ నన్ను ఒకే మాట అడుగుతారు: ఒడిశాలోని పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో చేర్చాలా, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపు నర్సింగ్ హోముకు తీసుకుపోవాలా, లేక బరంపురం మెడికల్ కాలేజీకే వెళ్లాలా అని. నేను ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి విరమించినదాన్ని. మొన్న మా అమ్మాయి కోసం నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది.

నర్సింగ్ హోములో వేరే గది, నెలనెలా చూసిన డాక్టరే దగ్గరుండటం, తెలుగులో పలకరింపు దొరుకుతాయి. నొప్పులు పడే పిల్లకు సొంత భాష చిన్న ఊరట కాదు. అయినా నా మట్టుకు అన్నిటినీ తేల్చేది మాయ పడిన తరువాతి రెండు గంటలే. అందరూ బిడ్డ చుట్టూ మూగిన ఆ సమయంలోనే, దుప్పటి కింద, చప్పుడు లేకుండా రక్తస్రావం సాగుతుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోగా ఇవ్వవలసిన, గర్భసంచిని గట్టిపరచి రక్తస్రావాన్ని తగ్గించే 10 యూనిట్ల ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే దాని పస తగ్గిపోతుంది. మే నెలలో నేను చూడబోయిన ఒక నర్సింగ్ హోములో ఆ మందు కిటికీ పక్కన ట్రేలో ఉంది. ఫ్రిజ్‌లో టిఫిన్ డబ్బాలూ పెరుగూ ఉన్నాయి. రాత్రి రక్తం కావలసివస్తే ఎలాగని అడిగితే, మనిషిని పంపి తెప్పిస్తామన్నారు.

పోయిన రక్తాన్ని కంటితో చూసి తక్కువగా అంచనా వేయడం మా నర్సులందరికీ ఉన్న దోషమే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలోని 80 ఆసుపత్రులలో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, కొలతలున్న ప్లాస్టిక్ సంచిని బాలింత కింద పరిచి, రక్తస్రావం కనబడగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయవలసిరావడం, మరణం అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. అందుకే ఎక్కడికి వెళ్లినా ఆ సంచి ఉందా అని అడగండి.

జిల్లా ఆసుపత్రిలో రద్దీ ఎక్కువ, మరుగుదొడ్ల సంగతి చెప్పనక్కరలేదు. కానీ బ్లడ్ బ్యాంకూ, నవజాత శిశువుల ప్రత్యేక విభాగమూ ఆ ఆవరణలోనే ఉంటాయి కనుక, బిడ్డ నలతపడితే తల్లిని ఒకచోట వదిలి బిడ్డను మరోచోటికి మోసుకుపోయే అవస్థ చాలావరకు తప్పుతుంది.

హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గినా, ముందు కాన్పు సిజేరియన్ అయినా, కవలలైనా, బీపీ ఉన్నా బరంపురమే మేలు. అయితే అది వంద కిలోమీటర్ల పైమాట కాబట్టి, నొప్పులు మొదలయ్యాక బయలుదేరకుండా వారం ముందే వెళ్లి అక్కడ మకాం పెట్టాలి. సాఫీగా సాగే రెండో కాన్పుకు దగ్గరి సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) సరిపోవచ్చు.

మా అమ్మాయిని జిల్లా ఆసుపత్రిలోనే చేర్చాము. కాన్పయ్యాక నేను పదిహేను నిమిషాలకొకసారి దుప్పటి తీసి, పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా అని చూస్తుంటే డ్యూటీ సిస్టర్ కాస్త చిరాకుపడింది. ఆమె అప్పటికే చూసి, టైముతో సహా కేసు షీటులో రాసి ఉంచింది.