ఫిగ్ ట్రీ బే: ఈత రానివారికి నడుంలోతు నీరే మేలు

నాకూ నా భార్యకూ బావమరిదికీ ఈత రాదు కనుకనే సైప్రస్‌లో ప్రొటారస్ దగ్గరి ఫిగ్ ట్రీ బే తీరాన్ని ఎంచుకున్నాము. అక్కడ ఇసుక నేల నెమ్మదిగా లోతవుతుంది. మధ్యధరా సముద్రానికి ఆటుపోట్లు నామమాత్రమే కాబట్టి ఉదయం నడుంలోతున్న చోట సాయంత్రమూ దాదాపు అంతే ఉంటుంది. విమానాశ్రయమున్న లార్నకా నుంచి ప్రయాణానికీ, బసకూ వంక పెట్టవలసిన పని లేదు.

మోసం జరిగింది మొదటి రోజు. స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ నీటి అడుగు చూడటం) కొత్తవారికి దగ్గరుండి నేర్పిస్తామని చెప్పి మనిషికి 45 యూరోల చొప్పున 135 యూరోలు తీసుకున్న నిర్వాహకుడొకడు, మమ్మల్ని పడవలో కాళ్ళందని చోటికి తీసుకువెళ్ళి, మాస్కులు చేతికిచ్చి దిగమన్నాడు. నా భార్య మాస్కులోకి క్షణాల్లో నీరు చేరింది. ఆమె నిచ్చెన పట్టుకుని వణుకుతుంటే, నేర్పవలసిన మనిషి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే రసీదు వెనుక చిన్న అక్షరాలు చూపించారు. ఆ రాత్రి ఆమె సరిగా తినలేదు, ఇక నీళ్ళ జోలికి రానన్నది. నాకు డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు ఒక దుకాణంలో 18 యూరోలకు మాస్కు, గొట్టం కొన్నాము. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలనీ, చెయ్యి తీసినా అది అంటుకుని ఉంటేనే మన ముఖానికి సరిపోయినట్టనీ ఆ దుకాణదారు ఓపికగా చూపించాడు. మాస్కు అంచు కింద వెంట్రుక చిక్కినా నీరు కారుతుందట; బావమరిదికి మీసం వల్ల కారింది, వాసెలిన్ రాసుకున్నాక తగ్గింది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి పట్టినది అయిదు నిమిషాలు.

నడుంలోతులో నిలబడి, నా చెయ్యి పట్టుకుని ఆమె ముఖం ముంచింది. ఈ సముద్రంలో ఉప్పు ఎక్కువ, శరీరం తేలికగా తేలుతుంది. రాళ్ళ పక్కన తోక దగ్గర నల్లమచ్చ ఉన్న వెండిరంగు చేపల గుంపు కదిలినప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. గంటయినా బయటికి రాలేదు.

వెళ్ళేవారు నీటిలో వేసుకునే చెప్పులు తప్పక కొనుక్కోండి, రాళ్ళ మీద ఒంటినిండా ముళ్ళుండే సముద్రపు అర్చిన్లనే జీవులుంటాయి. సూయజ్ కాలువ దాటి వచ్చి ఈ నీళ్ళలో స్థిరపడిన లయన్ ఫిష్ కనిపిస్తే దూరంగా ఉండండి, దాని ముళ్ళలో విషముంటుంది. పాడిల్ బోర్డు (పలక మీద నిలబడి తెడ్డు వేయడం) నేర్చుకోవాలనుకుంటే గాలి లేవకముందే, ఉదయం పూటే తీసుకోండి. మాకు గంటకు 15 యూరోలయింది, బావమరిది రెండు గంటలు దిగలేదు.